ఒత్తిడి మీ ఒంటిని ఏం చేస్తోందో పద్నాలుగు రోజుల్లో తెలుసుకోవడం ఎలా?

తల నొప్పి వచ్చినా, అన్నం సయించకపోయినా, రాత్రి మూడింటికి మెలకువ వచ్చి మళ్లీ కునుకు పట్టకపోయినా, ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర నుంచి వీధి చివర మందుల షాపు కుర్రాడి దాకా అందరూ చెప్పే కారణం ఒక్కటే: టెన్షన్. ఈ మాట ఇంత చవకైపోవడం వల్ల మనకు రెండు నష్టాలు జరుగుతున్నాయి. నిజంగా ఒత్తిడి వల్లనే వచ్చిన బాధను "అందరికీ ఉన్నదేగా" అని సర్దుకుపోతున్నాం. ఇక థైరాయిడో, రక్తహీనతో, గుండె జబ్బో ఉన్నప్పుడు దాన్ని కూడా అదే ఖాతాలో వేసి నెలలు గడిపేస్తున్నాం. రెండోది ఎక్కువ ప్రమాదం.

ఒత్తిడిని తగ్గించుకునే ముందు దాన్ని గమనించడం నేర్చుకోవాలని నా అభిప్రాయం. గమనించకుండానే యోగా తరగతికి, ధ్యానం యాప్‌కి డబ్బు కట్టినవారికి ఏది పని చేసిందో, ఏది చేయలేదో చెప్పుకోవడానికి కూడా ఆధారం ఉండదు. కింద చెప్పే పద్ధతికి ఒక నోటు పుస్తకం, ఒక పెన్ను, వీలైతే చేతికి కట్టుకునే బీపీ మిషను చాలు.

1. ముందుగా ఒంట్లో జరిగేది అర్థం చేసుకోండి

ఊళ్లో తల్లిదండ్రులను వదిలి హైదరాబాదులోనో, డాలస్‌లోనో ఉంటున్నవారికి ఈ అనుభవం ఉండే ఉంటుంది. అర్ధరాత్రి ఫోను మోగుతుంది. తీసి "హలో" అనేలోపే గుండె దడదడలాడుతుంది, అరచేతులకు చెమట పడుతుంది, నోరు ఎండిపోతుంది. విషయం ఏమిటో ఇంకా తెలియదు, కానీ ఒళ్లు మాత్రం సిద్ధమైపోయింది. మెదడులోని హైపోథలామస్ నుంచి నరాల ద్వారా, మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే ఎడ్రినల్ గ్రంథులకు క్షణాల్లో కబురు వెళ్లి, ఎడ్రినలిన్ రక్తంలోకి వస్తుంది. గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి, కండరాలకు రక్తం ఎక్కువగా అందుతుంది, అప్పటికి అవసరం లేని జీర్ణక్రియ మందగిస్తుంది. నోరు ఎండిపోయేది అందుకే. మరికొన్ని నిమిషాల్లో హైపోథలామస్, పిట్యూటరీ గ్రంథి మీదుగా రెండో కబురు అందుతుంది, అదే గ్రంథుల పైపొర నుంచి కార్టిసాల్ విడుదలవుతుంది, దాని ప్రభావంతో కాలేయం రక్తంలోకి చక్కెరను వదులుతుంది. అవతల రాంగ్ నంబరు అని తేలితే కాసేపటికి అంతా సర్దుకుంటుంది.

హార్వర్డ్‌లో పనిచేసిన వాల్టర్ కానన్ అనే శాస్త్రవేత్త ఈ స్పందనను 1915లోనే వివరించారు: ఎదురు నిలిచి పోరాడడానికో, కాళ్లకు బుద్ధి చెప్పడానికో శరీరం చేసుకునే ఏర్పాటు ఇది. 1936లో మాంట్రియల్‌లో హాన్స్ సెల్యే ఎలుకల మీద చేసిన ప్రయోగాలు ఇంకో సంగతిని బయటపెట్టాయి. చలిలో ఉంచినా, గాయం చేసినా, విపరీతంగా శ్రమ పెట్టినా, ఏదైనా మందు ఎక్కించినా, ఎలుకల ఒంట్లో ఒకే రకం మార్పులు కనిపించాయి: ఎడ్రినల్ గ్రంథులు ఉబ్బాయి, రోగనిరోధక శక్తికి ముఖ్యమైన థైమస్ కుంచించుకుపోయింది, కడుపులో పుండ్లు పడ్డాయి. కారణాలు వేరైనా ఒళ్లు పలికే భాష ఒకటేనన్నమాట.

పరీక్ష ముందు రోజు వచ్చే కంగారుతో ఎవరి ఆరోగ్యమూ పాడవదు, కొంత కంగారు ఉంటేనే పుస్తకం తెరుస్తాం కూడా. రోజూ అదే ఫోను మోగుతున్నట్లు బతకడం వేరు సంగతి. అప్పుడు బీపీ దిగడానికి సమయం దొరకదు, మధుమేహం ఉన్నవారికి మందు మారకపోయినా, తిండి మారకపోయినా చక్కెర పెరుగుతుంది, నిద్ర పలచబడుతుంది. 1991లో అచ్చయిన ఒక అధ్యయనంలో షెల్డన్ కోహెన్ బృందం వాలంటీర్ల ముక్కులో జలుబు వైరస్ చుక్కలు వేసి చూసింది. ఒత్తిడి ఎక్కువగా ఉన్నవారికే జలుబు ఎక్కువగా పట్టుకుంది. 1995లో ఒహాయోలో జరిగిన మరో అధ్యయనంలో, మతిమరుపు జబ్బుతో ఉన్న తమవాళ్లను చూసుకుంటున్న స్త్రీలకు చేతి మీద చిన్న గాయం చేసి గమనిస్తే, మిగతావారి కంటే వారికి మానడానికి సుమారు 9 రోజులు ఎక్కువ పట్టింది. ఇంట్లో మంచం పట్టిన పెద్దవారికి ఏళ్ల తరబడి సేవ చేసే కోడళ్లు, కూతుళ్లు "నాకేమైంది, ఒళ్లు కోలుకోవడం లేదు" అనడం మీరు వినే ఉంటారు. వాళ్ల మాటను కొట్టిపారేయకండి.

ఒంటి లెక్క ఒక్కోసారి ఆలస్యంగా బయటపడుతుందని కూడా గుర్తుంచుకోండి. దువ్వెనకు గుప్పెడు జుట్టు వస్తోందంటే కారణం ఈ వారంలో వెతకకండి, రెండు మూడు నెలల వెనక్కి వెళ్లి చూడండి: పెద్ద జ్వరమో, ఇంట్లో మరణమో, ఉద్యోగం పోవడమో అక్కడ కనిపించవచ్చు.

2. ఒత్తిడి కానివాటిని పక్కకు తీయండి

ఛాతీ మధ్యలో బరువు పెట్టినట్లు నొప్పి వచ్చి, ఎడమ చేతికో, దవడకో, వీపుకో పాకి, చెమటలు పట్టి, ఊపిరి అందకపోతే నోటు పుస్తకం తీయకండి, 108కి ఫోన్ చేయండి. గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకోవడం మన ఇళ్లలో ఎన్నో ప్రాణాలు తీసిన అలవాటు. మధుమేహం ఉన్నవారిలో, స్త్రీలలో ఇంత స్పష్టమైన నొప్పి లేకుండా, వట్టి ఆయాసం, నీరసం, వికారంతో కూడా గుండెపోటు రావచ్చు. తీవ్రమైన దుఃఖమో, భయమో కలిగినప్పుడు గుండె కండరం తాత్కాలికంగా బలహీనపడే జబ్బు ఒకటి ఉంది. జపాన్ వైద్యులు 1990లో దాన్ని వర్ణించి, గుండె ఆకారం ఆక్టోపస్‌లను పట్టే కుండలా మారుతుంది కాబట్టి టాకోత్సుబో అని ఆ కుండ పేరే పెట్టారు. అది ఎక్కువగా నెలసరి ఆగిపోయిన స్త్రీలకు వస్తుంది, చాలామంది కొన్ని వారాల్లో కోలుకుంటారు. అయితే అది టాకోత్సుబోనా, గుండెపోటా అని ఆసుపత్రిలో తేల్చాలి తప్ప ఇంట్లో కూర్చుని తేల్చడం సాధ్యం కాదు.

అత్యవసరం కానప్పుడు కూడా కొన్ని మామూలు పరీక్షలు చేయించుకుని మొదలుపెట్టడం మేలు: హిమోగ్లోబిన్, థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్, మూడు నెలల చక్కెర సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ, శాకాహారులైతే బీ12, గుండె దడ ఉంటే ఒక ఈసీజీ. నా విషయమే చెబుతాను. ఒక ఏడాది మార్చి నెలాఖరు పనులప్పుడు మెట్లెక్కితే ఆయాసం, కూర్చున్నా దడ. ఒక ఆసుపత్రిలో రెండు నిమిషాలు విని "టెన్షన్ తగ్గించుకోండి" అని పంపేశారు, నేనూ నమ్మాను. మూడు నెలల తరువాత ఇంకో డాక్టరు గారు ముందు నా కింది కనురెప్పను బొటనవేలితో కిందికి లాగి చూసి, ఏమీ మాట్లాడకుండా రక్త పరీక్ష రాశారు. హిమోగ్లోబిన్ 9 గ్రాములకు కాస్త అటూ ఇటూగా ఉంది. ఐరన్ మాత్రలతో సగం "టెన్షన్" పోయింది. మిగిలిన సగం కోసమే ఈ నోటు పుస్తకం మొదలుపెట్టాను.

వైద్య శాస్త్రం కూడా ఇలా పొరబడిన సందర్భం ఉంది. కడుపులో పుండుకు టెన్షన్, కారం, మసాలా కారణమని డాక్టర్లే దశాబ్దాలు నమ్మారు. ఆస్ట్రేలియాకు చెందిన బారీ మార్షల్, రాబిన్ వారెన్ దానికి ముఖ్య కారణం హెలికోబాక్టర్ పైలోరి అనే బాక్టీరియా అని చూపించారు. ఎవరూ నమ్మకపోతే మార్షల్ 1984లో ఆ బాక్టీరియా ఉన్న ద్రవాన్ని తానే తాగి జబ్బు తెచ్చుకున్నారు. 2005లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. కాబట్టి కడుపు మంట నెలల తరబడి ఉంటే యాంటాసిడ్ మింగుతూ ఒత్తిడిని తిట్టుకోవడం ఆపి, పరీక్ష చేయించుకోండి.

3. పద్నాలుగు రోజులు రాయండి

రోజుకు మూడుసార్లు, లేవగానే, మధ్యాహ్నం నాలుగింటి ప్రాంతంలో, పడుకునే ముందు, రెండేసి నిమిషాలు చాలు. సమయం, ఒంట్లో ఏమనిపించింది, అంతకు ముందు అరగంటలో ఏం జరిగింది, ఏం తిన్నారు లేదా తాగారు, దాని తీవ్రతకు 0 నుంచి 10 లోపు ఒక అంకె. దీనికి ఒక్కటే నియమం: "టెన్షన్‌గా ఉంది" అని రాయకూడదు. "మెడ వెనక పట్టేసింది", "పళ్లు బిగించి ఉన్నాను", "కడుపులో దేవినట్లుంది", "చిన్న శబ్దానికి ఉలిక్కిపడ్డాను" అని ఒంటి మాటలే రాయాలి. మనసుకు సంబంధించిన మాట రాసిన చోట మనం కారణాన్ని ముందే తీర్మానించేస్తాం, ఒంటి మాట రాస్తే అది కనబడుతుంది. నా పుస్తకంలోని ఒక పేజీ ఇలా ఉంది:

"మంగళవారం. లేచింది 5.50కి, నిద్ర 5 గంటలు. ఉదయం: తల బరువు, 3. సాయంత్రం 4.10: గుండె దడ, చేతులు సన్నగా వణుకు, 7. ముందు జరిగింది: మూడో కాఫీ, భోజనం చేయలేదు, రెండు అరటిపండ్లు. రాత్రి 9.30: అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో నీళ్ల ట్యాంకర్ల గొడవ, దవడ బిగుసుకుంది, 6."

నా కష్టాలన్నిటికీ మా పై అధికారే మూలమని నేను అప్పటిదాకా నమ్మాను. పద్నాలుగు రోజుల్లో ఆయన కనిపించింది మూడుసార్లు. ట్యాంకర్ల గొడవ ఎనిమిది రాత్రులు ఉంది. భోజనం మానేసి కాఫీ తాగిన ప్రతి సాయంత్రం దడ ఉంది. ఇది తెలిశాక ఆయన మీద నాకు కొంత గౌరవం పెరిగిందని చెప్పాలి.

ఈ రెండు వారాల్లో ఏ అలవాటునూ మార్చుకోకండి. కాఫీ తగ్గించాలనో, నడక మొదలుపెట్టాలనో అనిపిస్తుంది. ఆగండి, ముందు ఉన్నది ఉన్నట్లు కనబడనివ్వండి. ఆదివారాలు తప్పనిసరిగా రాయండి, ఎందుకంటే చాలామందికి సోమవారం ఆఫీసు దిగులు ఆదివారం సాయంత్రం ఐదింటికే మొదలవుతుంది. స్త్రీలు నెలసరి తేదీలు గుర్తు పెట్టుకోవాలి.

4. బీపీని సరిగ్గా కొలవండి

గొడవ పడిన వెంటనే మిషను కట్టుకుని, 160 చూసి, ఆ అంకె చూసిన భయంతో మళ్లీ కొలిచి 170 తెచ్చుకునేవారు చాలామంది ఉన్నారు. కాఫీ, సిగరెట్, నడక తరువాత అరగంట ఆగి, మూత్ర విసర్జన చేసి వచ్చి, వీపుకు ఆనుడు ఉన్న కుర్చీలో పాదాలు నేలకు ఆన్చి ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోండి. చేయి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి, పట్టీ చొక్కా మీద కాకుండా చర్మం మీద కట్టాలి. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రెండూ రాయండి. ఉదయం, సాయంత్రం ఒకే వేళల్లో వారం రోజులు చూస్తే వచ్చే సగటుకు విలువ ఉంటుంది, ఒక్క అంకెకు లేదు. ఇంట్లో కొలిచిన సగటు 135/85 దాటుతుంటే పుస్తకం పట్టుకుని డాక్టరు దగ్గరకు వెళ్లండి. బీపీ ఎక్కువగా ఉన్నవారిలో చాలామందికి ఏ బాధా తెలియదు కాబట్టి, "నాకు తల తిరగడం లేదు, బీపీ లేదు" అనే ధీమా పనికిరాదు.

5. రాసినదాన్ని మూడు రంగులతో చదవండి

అంకె 6 గానీ, అంతకంటే ఎక్కువ గానీ ఉన్న ప్రతి చోటా పక్కన ఒక చుక్క పెట్టండి. పూర్తిగా వదిలించుకోగలిగినవాటికి ఆకుపచ్చ, కొంత తగ్గించుకోగలిగినవాటికి నీలం, మీ చేతిలో లేనివాటికి ఎరుపు. నా ట్యాంకర్ల గ్రూపు ఆకుపచ్చ, రాత్రి ఎనిమిది తరువాత మ్యూట్ చేస్తే సరిపోయింది. ఇంటి లోను కంతు నీలం: కంతు పోదు, కానీ జీతం పడిన రోజే అది కట్ అయ్యేలా తేదీ మార్పించుకుంటే నెలాఖరు దిగులు తగ్గుతుంది. తండ్రి పక్షవాతం ఎరుపు. అక్కడ మీరు చేయగలిగింది పని పంచుకోవడం. "తమ్ముడూ, నువ్వు ప్రతి రెండో శనివారం వచ్చి నాన్న దగ్గర ఉండు" అని రోజు చెప్పి అడగండి. "మీరెవరూ పట్టించుకోవడం లేదు" అంటే గొడవే మిగులుతుంది, శనివారం దొరకదు.

1967లో లండన్‌లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనం బ్రిటన్ ప్రభుత్వోద్యోగులను ఏళ్ల తరబడి గమనించింది. పై హోదాలో ఉన్నవారి కంటే కింది హోదాలో ఉన్నవారిలో గుండె జబ్బు మరణాలు ఎక్కువగా కనిపించాయి. తరువాత 1985లో మొదలైన రెండో అధ్యయనంలో, తమ పని మీద తమకు అదుపు తక్కువగా ఉండడం ఒక ముఖ్య కారణంగా బయటపడింది. పని భారాన్ని తగ్గించడం మీ వల్ల కాకపోతే, ఏ పని ఎప్పుడు చేయాలో కొంతైనా మీరు నిర్ణయించుకునేలా చూసుకోండి: రోజులో ఒక గంట ఫోన్లు ఎత్తనని ముందే చెప్పడం చిన్న విషయమే, కానీ ఆ గంట మీది.

6. మొదట నిద్రను బాగుచేసుకోండి

పది అలవాట్లు ఒక్కసారే మార్చబోతే మూడో రోజుకు ఒక్కటీ మిగలదు. అందుకే నిద్రతో మొదలుపెట్టమంటాను. కార్టిసాల్ నిద్ర లేచిన కాసేపటికి గరిష్ఠంగా ఉండి, సాయంత్రానికి తగ్గుతూ, అర్ధరాత్రి ప్రాంతంలో కనిష్ఠానికి చేరుతుంది. రోజూ ఒకే వేళకు లేవడం ఈ లయను నిలబెడుతుంది. పడుకునే వేళ కంటే లేచే వేళే ముఖ్యం, ఆదివారమైనా సరే. కాఫీలోని కెఫీన్ సగం కావడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది, అంటే సాయంత్రం ఐదింటికి తాగిన కాఫీలో సగం రాత్రి పదికి కూడా ఒంట్లోనే ఉంటుంది. పడుకుని ఇరవై నిమిషాలైనా నిద్ర రాకపోతే లేచి, మసక వెలుతురులో కూర్చుని, రేపటి పనులు కాగితం మీద రాసి, కళ్లు మూతలు పడ్డాకే మంచం ఎక్కండి.

అమెరికా వేళల్లో పనిచేసే మాదాపూర్, గచ్చిబౌలి ఉద్యోగులకు ఈ లయ తలకిందులవుతుంది. వారు చేయగలిగింది, తెల్లవారి ఇంటికి వచ్చేటప్పుడు నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, కిటికీలకు మందపాటి కర్టెన్లు వేసి, గది వెలుపల కొరియర్ వాళ్లకూ బంధువులకూ కనపడేలా ఒక కాగితం అంటించడం. వారానికోసారి షిఫ్టు మారుతుంటే, నెలకోసారి మార్చమని మేనేజరును లిఖితపూర్వకంగా అడగండి.

7. ఊపిరి, నడక

ఎడమ మణికట్టు మీద నాడి చూసుకుంటూ నాలుగు లెక్కపెట్టేవరకు ముక్కుతో గాలి పీల్చి, ఆరు లెక్కపెట్టేవరకు మెల్లగా వదలండి. వదిలేటప్పుడు నాడి నెమ్మదించడం చాలామందికి వేళ్ల కిందనే తెలుస్తుంది, ముఖ్యంగా చిన్న వయసువారికి. గుండెను నెమ్మదింపజేసే వేగస్ నరం ఆ సమయంలో ఎక్కువగా పనిచేస్తుంది. ఇలా నిమిషానికి ఆరు శ్వాసల చొప్పున ఐదు నిమిషాలు చేయండి. బీపీ, గుండె జబ్బు ఉన్నవారు, గర్భవతులు ఊపిరి బిగబట్టే పద్ధతుల జోలికి పోవద్దు. ఇక నడక వారానికి 150 నిమిషాలు, మాట్లాడగలిగేంత, పాట పాడలేనంత వేగంతో.

8. చల్లగా ముంచే మందులు

మందుల షాపులో చీటీ లేకుండా ఇచ్చే "నిద్ర బిళ్ల" చాలాసార్లు ఆల్‌ప్రజోలమ్ అయి ఉంటుంది. మన దేశంలో అది షెడ్యూల్ హెచ్1 మందు, డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. కొన్ని వారాల్లోనే ఒళ్లు దానికి అలవాటు పడుతుంది. ఎక్కువకాలం వాడినవారు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ కూడా రావచ్చు, కాబట్టి డాక్టరు చెప్పిన మోతాదులో నెమ్మదిగా తగ్గించాలి. తెలంగాణలో కల్తీ కల్లులో కలిపేవాటిలో ఇదీ ఒకటి. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో కల్లు దుకాణాలు మూతపడినప్పుడు వణుకు, భ్రమలతో ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు జనం రావడం అందుకే. మద్యం త్వరగా కునుకు తెప్పిస్తుంది, తెల్లవారుజామున ఆ నిద్రనే ముక్కలు చేస్తుంది. సిగరెట్ గుండె వేగాన్ని, రక్తపోటును పెంచుతుంది. తాగినప్పుడు కలిగే హాయిలో ఎక్కువ భాగం నికోటిన్ లోటు తీరిన హాయి.

9. పుస్తకంతో డాక్టరు దగ్గరకు వెళ్లండి

రెండు వారాలుగా రోజులో ఎక్కువ భాగం దిగులుగా ఉండి, ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి పోతే, అది డిప్రెషన్ కావచ్చు, దానికి చికిత్స ఉంది. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే రెండు వారాలు ఆగకండి, ఆ రోజే ఎవరికైనా చెప్పండి. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416కి ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. అమెరికాలో ఉన్నవారికి 988. హైదరాబాదులో ఎర్రగడ్డ, విశాఖపట్నంలో చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. "పిచ్చాసుపత్రి" అన్న మాట అడ్డొస్తుంటే మీ జిల్లా ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్యుల ఓపీ ఏ రోజు ఉంటుందో కనుక్కోండి.

డాక్టరు గదిలో మీకు దొరికేది ఐదు నిమిషాలే కాబట్టి బాధంతా మొదటి నుంచి చెప్పకండి. "పద్నాలుగు రోజుల్లో తొమ్మిది రాత్రులు మూడింటికి మెలకువ వచ్చింది, బీపీ సగటు 142/90, బరువు నెలలో మూడు కిలోలు తగ్గాను" అని మూడు అంకెలు చెప్పి పుస్తకం ముందు పెట్టండి. చివరి పేజీలో మీరు వాడే మందులన్నీ రాసి ఉంచండి. మోకాళ్ల నొప్పికి అప్పుడప్పుడు వేసుకునే బిళ్ల, ఎవరో ఇచ్చిన పసరు మందు, బలానికని తాగే చూర్ణం కూడా అందులో ఉండాలి. వాటిలో కొన్ని బీపీని పెంచుతాయి, అడగకపోతే ఎవరూ చెప్పరు.